సొంత బండితో దేశం దాటుతున్నారా? పాలసీ ఎక్కడ ఆగుతుందో ముందు చూసుకోండి

మీ బండి పాలసీ కాగితం తీసి చూడండి. ‘జియోగ్రాఫికల్ ఏరియా’ అనే చోట ‘ఇండియా’ అని రాసి ఉంటుంది. బండి సరిహద్దు గేటు దాటినా పాలసీ మాత్రం దాటదని దాని అర్థం. మీరు కట్టింది ఫుల్ ఇన్సూరెన్సే కావచ్చు, జీరో డెప్ (పార్టుల అరుగుదల పేరుతో కోత లేకుండా ఇచ్చే కవర్) ఉండొచ్చు, బండి కొత్తదే కావచ్చు. గేటు అవతల గీత పడినా, ఇంజిన్‌లో నీళ్లు పోయినా, ఎవరికైనా దెబ్బ తగిలినా ఆ కాగితం పనికిరాదు.

నేను నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర మోటార్ ఇన్సూరెన్స్ పని చేస్తాను. మిర్యాలగూడ రైస్ మిల్లుల లారీలు, హాలియా ట్రాక్టర్లు, దేవరకొండ వైపు ఆటోలు, ఇవే మా దగ్గర ఎక్కువ. కొన్నేళ్లుగా ఇంకో రకం వాళ్లూ వస్తున్నారు. కాశీ దాకా కారులో పోయి, అటే పశుపతినాథుణ్ణి, ముక్తినాథ్‌ను చూసి రావాలనుకునే కుటుంబాలు. సాగర్‌లో బుద్ధవనం చూశాక లుంబినీ కూడా చూడాలనుకునేవాళ్లు. బుల్లెట్ మీద యూరప్ పోవాలని పైసలు కూడబెట్టుకునే పాలమూరు పిల్లలు. అందరూ మొదట అనేది ఒకటే: “అక్కా, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది గదా, ఇంకేం గావాలె?” ఆ ఇంకేం కావాలో ఇక్కడ రాస్తున్నాను. రూట్లు, హోటళ్లు, ఖర్చుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కాగితాల గురించి చెప్పేవాళ్లు తక్కువ. ప్రాణాలకు, ఆస్తికి ముప్పు వచ్చేది అక్కడే.

చుట్టుపక్కల దేశాలకైతే: ఎక్స్‌టెన్షన్

మన మోటార్ పాలసీని ఆరు దేశాలకు పొడిగించుకోవచ్చు: నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. దాన్ని ఐఎంటీ 1 ఎండార్స్‌మెంట్ అంటారు, అంటే అసలు పాలసీకి జతచేసే మార్పు కాగితం. ప్యాకేజీ పాలసీకి (మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది) 500 రూపాయలు, లయబిలిటీ ఓన్లీ పాలసీకి (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే) 100 రూపాయలు అదనపు ప్రీమియం అని అందులో రాశారు. ఇప్పుడు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, అయినా పెద్ద మొత్తమేమీ కాదు. పది లక్షల కారుకు ఇంత చిన్న మొత్తం కట్టక బయలుదేరేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పైసలు కట్టగానే పని అయిపోయిందనుకోవద్దు. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొచ్చాక కొన్ని సంగతులు సరిచూడాలి. మొదట దేశం పేరు. ‘నేపాల్’ అని అచ్చులో ఉండాలి. నేపాల్‌కు తీసుకున్న ఎక్స్‌టెన్షన్ భూటాన్‌లో చెల్లదు. సిలిగురి దాకా పోయాక “ఇంత దూరం వచ్చినం, భూటాన్ బార్డర్‌ల ఫుంత్‌షోలింగ్ గూడ చూసొద్దాం” అనిపించడం సహజమే. అట్లా అనిపించే అవకాశం ఉంటే ముందే రెండు పేర్లూ రాయించుకోండి.

తరువాత తారీఖులు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అనేది ఎండార్స్‌మెంట్‌లోనే ఉంటుంది, ఆ రెండు రోజులూ లెక్కలోకి వస్తాయి. గరిష్ఠంగా 12 నెలలు. మీరు అనుకున్న తారీఖులకు అటూ ఇటూ వారం కలిపి తీసుకోండి. కొండ దారుల్లో చరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తే మీరు అనుకున్న రోజుకు వెనక్కి రాలేరు. అసలు పాలసీ గడువు మధ్యలో తీరిపోతుందా అన్నది కూడా చూడండి. పాలసీ రెన్యువల్ అయితే ఎక్స్‌టెన్షన్ దానంతట అది కొత్త పాలసీలోకి రాదు.

ఆ తరువాత యాడ్-ఆన్‌లు, అంటే అదనంగా పైసలు కట్టి తీసుకునే కవర్లు. జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వంటివి అవతల కూడా పనిచేస్తాయా అని కంపెనీకి మెయిల్ పెట్టి రాతలో జవాబు తీసుకోండి. టోయింగ్ మాత్రం ఇప్పుడే తెలుసుకోండి. మామూలు ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో యాక్సిడెంట్ అయిన బండిని తరలించడానికి ఇచ్చేది 1,500 రూపాయలు. టూ వీలర్‌కు 300. పోఖరా కొండల్లో ఆగిన కారును గోరఖ్‌పూర్‌కు తేవాలంటే ఆ డబ్బు ఏ మూలకూ రాదు. కొంచెం ప్రీమియం ఎక్కువ కట్టి ఆ పరిమితి పెంచుకోవచ్చు. అడిగితేనే పెంచుతారు.

హాలియా నుంచి ఒక కుటుంబం పోఖరా పోయింది. పాలసీ మా దగ్గరిది కాదు. ఎక్స్‌టెన్షన్ కావాలని వాళ్ల కంపెనీ బ్రాంచికి ఫోన్ చేశారు, అవతలివాళ్లు “అయిపోతది సార్, పోయి రండి” అన్నారు. కాగితం రాలేదు, ప్రీమియం రసీదూ లేదు. తిరుగు దారిలో ముందు బంపర్, రేడియేటర్ పోయాయి. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆ కుటుంబ పెద్ద నా దగ్గరికి వచ్చి కూర్చుని ఫోన్‌లో కాల్ హిస్టరీ చూపించాడు. ఫోన్ చేసినట్టు అందులో కనిపిస్తుంది గానీ, ఏం మాట ఇచ్చారో కనిపించదు. రిపేరు ఖర్చంతా వాళ్లే పెట్టుకున్నారు. అప్పటి నుంచి నేను ఎండార్స్‌మెంట్ నంబరు ప్రింటులో చూడకుండా ఎవరినీ బండి తీయనివ్వడం లేదు.

బండి ఎవరిది, ఎవరు నడుపుతున్నారు

మన వైపు సెకండ్‌హ్యాండ్ కార్లు కొని ఏళ్లకేళ్లు పేరు మార్చకుండా తిప్పడం మామూలు. ఊళ్లో ఎవరూ అడగరు. సరిహద్దులో ఆర్‌సీ మీద పేరుకు, మీ పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు మీద పేరుకు పొంతన లేకపోతే కచ్చితంగా అడుగుతారు. బండి కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ బదిలీకి దరఖాస్తు చేసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 చెబుతుంది. అది చేయని కారుకు మన దేశంలోనే ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) క్లెయిమ్ రాదు, ఇక అవతల ఏం వస్తుంది? ముందు పేరు మార్పించండి, ప్రయాణం తరువాత. బావమరిది కారో, స్నేహితుడి కారో అయితే ఓనరు సంతకంతో నోటరీ చేసిన ఆథరైజేషన్ లెటర్ తీసుకుని పొండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, నడిపేవాళ్ల పేర్లు, తారీఖులు అందులో ఉండాలి.

బండి మీద లోన్ ఉంటే ఆర్‌సీలో హైపోథికేషన్ కనిపిస్తుంది. అంటే ఆ బండి మీద బ్యాంకుకు కూడా హక్కు ఉంది. దేశం దాటించేముందు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. కార్నే (దూర దేశాలకు బండి తీసుకుపోవడానికి కావాల్సిన పుస్తకం, కింద చెబుతాను) తీసుకునే దారిలో పోతే ఇది తప్పదు. నేపాల్‌కు పోయేవాళ్లు కూడా తీసుకోవడమే మంచిది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. నలుగురు స్నేహితులు కలిసి ఒకరి కారులో పోయి, డీజిల్ ఖర్చు పంచుకోవడం వేరు. తెల్ల నంబరు ప్లేటు కారును ‘రోజుకు ఇంత’ అని కిరాయికి తీసుకుని పోవడం వేరు. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి తిప్పితే కవర్ లేదని స్పష్టంగా ఉంటుంది. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) మొదట అడిగేది “బండి ఓనరు మీకేమవుతాడు?” అని. ట్యాక్సీ ప్లేటు బండికి నేపాల్‌లో పర్మిట్ వేరుగా ఉంటుంది కాబట్టి డ్రైవరు చెప్పిన మాట మీద ఆధారపడకుండా ఆ కాగితం మీరే కళ్లారా చూడండి.

ఒరిజినల్స్ అన్నీ వెంట ఉండాలి. ఇక్కడ పోలీసుకు ఆర్‌టీఏ ఎం-వాలెట్ చూపించి ముందుకు పోతాం, డిజిలాకర్ కూడా నడుస్తుంది. సునౌలి దాటి బెలాహియా కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఫోన్ తీసి చూపిస్తే కుదరదు. ఆర్‌సీ కార్డు, లైసెన్సు, పాలసీ, ఎండార్స్‌మెంట్, పొల్యూషన్ సర్టిఫికెట్, అన్నీ చేతిలో ఉండాలి, ఒక్కొక్కటి మూడేసి జిరాక్సులతో. టీఎస్ 05 ప్లేటు ఉన్నవాళ్లు, 2024 మార్చి తరువాత టీజీ 05 ప్లేటు వచ్చినవాళ్లు, ఇద్దరిదీ చెల్లుతుంది. ప్లేటు మీద ఉన్నదే ఆర్‌సీలో, పాలసీలో అక్షరం పొల్లుపోకుండా ఉందా అన్నది ముఖ్యం. పాలసీలో టీఎస్ బదులు టీజీ అని పడిన కారు ఒకటి మా దగ్గరికే వచ్చింది. ఇక్కడ అది చిన్న తప్పు. సరిహద్దు అవతల అది వేరే బండి పాలసీ అయిపోతుంది.

నేపాల్ సంగతి కొంచెం వివరంగా

నల్లగొండ నుంచి ఎక్కువమంది పోయేది ఇక్కడికే కాబట్టి చెబుతున్నాను. మన నంబరు ప్లేటు బండికి సరిహద్దులో భన్సార్ కట్టించుకోవాలి. అది కస్టమ్స్ పర్మిట్, రోజుల లెక్కన ఫీజు. ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 30 రోజులే. వాళ్ల ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో మొదలవుతుంది. అక్టోబరులో ఒకసారి, మళ్లీ మేలో ఒకసారి పోతే రెండూ కలిపే లెక్క. గడువు దాటితే జరిమానా, ఇంకా దాటితే బండిని అట్టిపెట్టుకుంటారు. బ్రోకర్లు “నేను కట్టిస్తా” అని చుట్టూ మూగుతారు. మీరే కౌంటర్‌కు పోయి కట్టి, రసీదు మీద నంబరు, రోజులు సరిచూసుకోండి. బయటికి వచ్చేటప్పుడు ఆ రసీదు మీద ఎగ్జిట్ నమోదు చేయించడం మరిచిపోవద్దు. చేయించకపోతే వాళ్ల లెక్కలో మీ కారు ఇంకా నేపాల్‌లోనే ఉన్నట్టు.

ఆ కాగితాల మీద తారీఖు విక్రమ శకంలో ఉంటుంది. మనకంటే సుమారు 57 ఏళ్లు ముందుంటుంది, నెలలు కూడా వేరు. గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. పోలీసు రిపోర్టు తీసుకుంటే దాని పక్కనే ఇంగ్లిష్ తారీఖు రాయమని అడగండి. ఇక్కడ క్లెయిమ్ ఫైలు చూసే మనిషికి ‘2081’ అని కనిపిస్తే ఆ ఫైలు పక్కకు పోతుంది.

థర్డ్ పార్టీ మాట, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవర్. మన దగ్గర సెక్షన్ 146 ప్రకారం అది తప్పనిసరి, కానీ ఆ చట్టం మన దేశానిదే. అవతల మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు నడిచేది నేపాల్ చట్టం కింద, నేపాల్ పోలీసు దగ్గర. నల్లగొండ కోర్టు పరిధిలోకి అది రాదు. మన ఎక్స్‌టెన్షన్ మన కంపెనీకీ మనకూ మధ్య ఉన్న ఒప్పందం. అక్కడి పోలీసుకు అది తెలియని భాష కాగితం. కాబట్టి నేను ఎక్స్‌టెన్షన్‌తో పాటు అక్కడి కంపెనీ దగ్గర నేపాల్ థర్డ్ పార్టీ పాలసీ కూడా సరిహద్దులోనే తీసుకోమంటాను. రెండూ ఉంటే నిశ్చింత.

యాక్సిడెంట్ అయితే

ఈ భాగం ప్రింట్ తీసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

మనుషులకు దెబ్బలు తగిలితే ముందు ఆస్పత్రి. బండిని కదపకముందే ఫొటోలు, వీడియో: రెండు బండ్లు, నంబర్లు, రోడ్డు మీద టైరు గుర్తులు, చుట్టుపక్కల దుకాణాల బోర్డులు. పోలీసును పిలవండి. “పైసలిచ్చి మాట్లాడుకుందాం” అని అక్కడి వాళ్లన్నా, మన వెంట ఉన్నవాళ్లన్నా పోలీసు రిపోర్టు లేకుండా ఒప్పుకోవద్దు. మీ పాలసీలోనే, కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తానని మాట ఇవ్వకూడదు అనే షరతు ఉంటుంది. మీరు రోడ్డు మీద రాజీ కాగితం రాసిస్తే ఇక్కడ క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది.

అదే రోజు కంపెనీకి కాల్ చేయండి, మెయిల్ కూడా పెట్టండి. మన టోల్ ఫ్రీ నంబర్లు చాలావరకు బయటి దేశం నుంచి కలవవు. మామూలు ల్యాండ్‌లైన్ నంబరు, మెయిల్ ఐడీ ముందే రాసిపెట్టుకోండి. సర్వే జరగకుండా విప్పి రిపేరు చేయించవద్దు. సర్వేయర్ రాలేడంటే, ఫొటోలు పంపితే రిపేరుకు ఒప్పుకుంటారా అని మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చాకే పని మొదలు పెట్టించండి. అక్కడ క్యాష్‌లెస్ ఉండదు. మీరే కట్టి, బిల్లులు తెచ్చి, ఇక్కడ రీయింబర్స్‌మెంట్ అడగాలి. మార్చిన పాత పార్టులు పారేయకుండా డిక్కీలో వేసుకొని రండి. బిల్లు నేపాలీలో ఉంటే అనువాదం చేయించి జతపరచాలి.

ప్రాణం పోయినా, గట్టి దెబ్బలు తగిలినా డ్రైవర్‌ను కస్టడీలోకి తీసుకోవడం, బండిని స్టేషన్‌లో పెట్టడం అక్కడా ఉంటుంది. అప్పుడు భన్సార్ గడువు నడుస్తూనే ఉంటుంది. బండి పోలీసు దగ్గరుందని కాగితం తీసుకుని గడువు తీరకముందే కస్టమ్స్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇది తెలియక కేసు తేలాక కూడా కారు తెచ్చుకోలేని పరిస్థితి వస్తుంది. మన రాయబార కార్యాలయం లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంటికి కబురు చేస్తుంది. జరిమానాలు, నష్టపరిహారం మాత్రం కట్టదు.

దూరం పోయేవాళ్లకు: కార్నే

గల్ఫ్, ఇరాన్, ఆఫ్రికా వైపు సొంత బండి తీసుకుపోవాలంటే కార్నే ద పాసాజ్ అనే పుస్తకం కావాలి. మన దేశంలో ముంబైలోని ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఆటోమొబైల్ అసోసియేషన్స్ ఇస్తుంది. ఒక సంవత్సరం చెల్లుతుంది. దీన్ని చాలామంది బండికి పాస్‌పోర్టు అంటారు. నేనైతే అప్పు పత్రం అంటాను, ఎందుకంటే అందులో ఉన్నది హామీ. ‘ఈ బండిని గడువులోగా మీ దేశం నుంచి బయటికి తీసుకుపోతాం, తీసుకుపోకపోతే దిగుమతి సుంకం మేం కడతాం’ అని అసోసియేషన్ ఆ దేశానికి మాట ఇస్తుంది. ఆ మాటకు భరోసాగా మీ దగ్గర డిపాజిట్ లేదా బ్యాంక్ గ్యారంటీ తీసుకుంటుంది. బండి విలువ, పోయే దేశాలను బట్టి అది చాలా పెద్ద మొత్తం అవుతుంది. భూమి తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చేముందు ఇంట్లో అందరితో మాట్లాడుకోండి.

పుస్తకంలో ప్రతి పేజీ మూడు భాగాలు. దేశంలోకి పోయేటప్పుడు కింది భాగం చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మధ్య భాగం. పై భాగం పుస్తకంలోనే ఉంటుంది, దాని మీద ఎంట్రీ, ఎగ్జిట్ రెండు స్టాంపులూ పడాలి. కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే ఆ స్టాంపు, తారీఖు, సంతకం చూసి ఫొటో తీసుకోండి. మన దేశం నుంచి పోయేటప్పుడు మన కస్టమ్స్ స్టాంపు కూడా పడాలి. అది లేకపోతే తిరిగొచ్చే బండి కొత్తగా దిగుమతి అవుతున్న బండిలా కనిపిస్తుంది.

మహబూబ్‌నగర్ కుర్రాడొకడు బైక్‌తో రాత్రిపూట ఒక దేశం సరిహద్దు దాటాడు. ఆఫీసర్ పాస్‌పోర్టు మీద స్టాంపు వేశాడు, కార్నే మీద ఎగ్జిట్ స్టాంపు వేయలేదు. బైక్ పాలమూరులో ఇంటి ముందే ఉంది, డిపాజిట్ మాత్రం కదల్లేదు. దానికి ఉపాయం కార్నే చివర ఉండే ‘సర్టిఫికెట్ ఆఫ్ లొకేషన్’. మన కస్టమ్స్ అధికారి బండిని కళ్లారా చూసి, ఛాసిస్ నంబరు సరిపోల్చి, ఫలానా చోట ఉందని రాసిస్తే దాన్ని ఆ దేశానికి పంపి లెక్క తేల్చుకుంటారు. నెలలు పట్టినా చివరికి డబ్బు వచ్చింది.

ఇందులో అన్నింటికంటే కష్టమైనది దొంగతనం. అవతల బండి పోతే బండితో పాటు సుంకం కూడా మీద పడవచ్చు, ఎందుకంటే ఆ దేశం లెక్కలో బండి అక్కడే ఉండిపోయింది. పూర్తిగా ధ్వంసమైన బండిని రోడ్డు పక్కన వదిలేసి రావడమూ అంతే. పోలీసు రిపోర్టు, ఆ దేశపు కస్టమ్స్ సమక్షంలో రాసిన కాగితం, రెండూ లేకుండా దేశం విడిచి రావద్దు. కార్నే మీద తెచ్చిన బండిని అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు, అక్కడివాళ్లకు నడపడానికి ఇవ్వకూడదు.

గల్ఫ్‌లో ఉద్యోగం చేసే పిల్లలకు ఇంకో మాట. మా అక్క కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. “చిన్నమ్మా, నా కారు ఇక్కడికి తెప్పించుకుంటా, కార్నే తీసిపెట్టు” అన్నాడు. ఈ సదుపాయం ఆ దేశంలో నివాసం లేని యాత్రికుడికి. అక్కడ రెసిడెన్స్ వీసా ఉన్నవాడు ఇక్కడి నంబరు ప్లేటు మీద అక్కడ తిప్పుకోవడం దీని ఉద్దేశం కాదు. వాడికి ఆ మాటే చెప్పాను. అక్కడే ఒక కారు కొన్నాడు.

యూఏఈలో చిన్న గీత పడినా పోలీసు రిపోర్టు లేకుండా ఏ గ్యారేజీ బండి ముట్టదు. యాక్సిడెంట్‌లో మనిషి పోతే దియా (పోయినవాళ్ల కుటుంబానికి ఇచ్చే పరిహారం) కట్టాలి, చాలా ఏళ్లుగా అది 2 లక్షల దిర్హాములు. తాగి నడపడమంటే అక్కడ ఒక్క చుక్కకూ మినహాయింపు లేదు. బండి ఎక్కే ముందు ఇంకొకటి చూసుకోండి, వంట సామాను డబ్బా. గసగసాలు అక్కడ నిషేధం. మన మసాలా డబ్బాలో ఉండే గుప్పెడు గసగసాలు డ్రగ్స్ కేసు అవుతాయి. దగ్గు మందు, నొప్పి మాత్రలు కూడా డాక్టరు చీటీ ఉంటేనే, అదీ అక్కడ అనుమతి ఉన్న మందైతేనే తీసుకుపొండి.

యూరప్‌లో గ్రీన్ కార్డ్ అనే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ నడుస్తుంది. 2020 జూలై నుంచి తెల్ల కాగితం మీద ప్రింటు తీసినా చెల్లుతుంది. టర్కీ, ఇరాన్ కూడా ఆ ఏర్పాటులో ఉన్నాయి. మనకు అది ఇక్కడ దొరకదు కాబట్టి మొదటి సరిహద్దులోనో, ముందే ఆన్‌లైన్‌లోనో బోర్డర్ ఇన్సూరెన్స్ కొనాలి. ఏయే దేశాల పేర్లు కొట్టేసి ఉన్నాయో కార్డు మీద చూడండి, కొట్టేసిన దేశంలో కవర్ లేదు. చైనా దారి వేరు: మన లైసెన్సు గానీ ఇంటర్నేషనల్ పర్మిట్ గానీ అక్కడ చెల్లవు, తాత్కాలిక లైసెన్సు, తాత్కాలిక ప్లేటు, అక్కడి థర్డ్ పార్టీ, వెంట గైడు, అన్నీ ముందే ఏర్పాటు చేసుకోవాలి. థాయ్‌లాండ్ 2016 నుంచి ముందస్తు పర్మిట్ అడుగుతోంది, అక్కడి టూర్ కంపెనీ ద్వారానే వస్తుంది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్‌టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. దానితో పాటు అసలు లైసెన్సు కూడా ఉండాలి.

ఓడ ఎక్కితే

ఎక్స్‌టెన్షన్ ఎండార్స్‌మెంట్‌లోనే ఒక వాక్యం ఉంటుంది: ఓడలో గానీ విమానంలో గానీ తరలిస్తుండగా జరిగే నష్టానికి కవర్ లేదు. సనత్‌నగర్ కంటైనర్ డిపోలో బండిని కంటైనర్‌లోకి ఎక్కించింది మొదలు అవతలి ఓడరేవులో దించేదాకా మోటార్ పాలసీ నిద్రపోతుంది. దానికి మెరైన్ కార్గో పాలసీ వేరుగా కావాలి. క్లాజ్ ఏ, బీ, సీ అని రకాలు ఉంటాయి. సీ తక్కువ ప్రీమియం, తక్కువ కవర్. సొంత బండికి ‘క్లాజ్ ఏ’ తీసుకోండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది కూడా రాయించాలి: మీ ఇంటి నుంచా, డిపో నుంచా, ఓడరేవు నుంచా.

మెరైన్ పాలసీ వద్దనుకునేవాళ్లకు జనరల్ యావరేజ్ గురించి చెబుతాను. ఓడకు ఆపద వచ్చి, ఓడనూ సరుకునూ కాపాడటానికి ఖర్చయితే ఆ ఖర్చును ఓడలో సరుకున్న వాళ్లందరూ విలువ మేరకు పంచుకోవాలి. మీ బండికి గీత పడకపోయినా సరే. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ ఇరుక్కున్న తరువాత ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. అట్లాంటప్పుడు హామీ గానీ డిపాజిట్ గానీ ఇవ్వకుండా సరుకు విడిపించరు. మెరైన్ పాలసీ ఉంటే ఆ హామీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. లేకపోతే మీరే ఇవ్వాలి.

కంటైనర్‌లో పెట్టేముందు ట్యాంకు దాదాపు ఖాళీ చేయాలి, బ్యాటరీ తీగ విప్పాలి. బండిలో బట్టలు, వంట సామాను, గ్యాస్ స్టవ్ కుక్కవద్దు. డిక్లరేషన్‌లో లేని వస్తువు దొరికితే కస్టమ్స్ ఆపుతుంది, కంటైనర్ నిలిచిన ప్రతి రోజుకూ డెమరేజ్ (ఆలస్యపు రుసుము) పడుతుంది, ఆ డెమరేజ్ ఏ పాలసీలోకీ రాదు.

మనుషుల ఇన్సూరెన్స్

ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ సాధారణంగా మన పాలసీతో వస్తుంది. పక్కన కూర్చున్న భార్యాపిల్లలకు అది వర్తించదు, వాళ్లకు వేరుగా తీసుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు టూ వీలర్ నడపడం గురించి ఏం రాశారో చదవండి. కొన్నింటిలో ఇంజిన్ సామర్థ్యం మీద, హెల్మెట్ మీద, లైసెన్సు రకం మీద షరతులుంటాయి. బైక్ మీద పోయేవాడు ఇది చదవకుండా కొంటే డబ్బు నీళ్లలో పోసినట్టే.

క్లెయిమ్ కాదంటే

మొదట కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు రాతపూర్వకంగా పెట్టండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు పోవాలి. లేదంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే చోటే కేసు వేయడానికి 2019 చట్టం వీలు కల్పించింది. రెండు చోట్లా అడిగేది ఎండార్స్‌మెంట్ కాపీ, పోలీసు రిపోర్టు, మెయిళ్లు, బిల్లులు. పైన చెప్పినవన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకుంటే ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికి తిరిగొచ్చిన వారంలోపు కార్నే పుస్తకాన్ని స్పీడ్ పోస్టులో ముంబైకి పంపండి, ముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి. బ్యాంక్ గ్యారంటీ విడుదల లెటర్ వచ్చాక బ్యాంకుకు పోయి లియన్ (మీ డబ్బు మీద బ్యాంకు పెట్టిన పట్టు) తీసేశారో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి.